షీ, ట్రంప్, మధ్యలో తేజా కాయ

చైనా రాజకీయాల మీద వ్యాఖ్యానాలు రాసేవాళ్లు బీజింగ్‌లో అద్దెకుండి, పార్టీ పత్రికలో ఎవరి ఫొటో ఎవరి పక్కన పడిందో చూసి జోస్యం చెబుతారు. అంత ఖర్చెందుకు? పొద్దున్నే గుంటూరు మిర్చి యార్డుకొచ్చి ఓ టీ తాగితే చాలు. కొనేవాడి మనిషి టిక్కీ బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తేజా మిర్చి తీస్తాడు, ఒక కాయ విరుస్తాడు, గింజ చూస్తాడు, మిగతావి కింద పారేసి "చైనా ఆర్డర్లు లేవండీ" అంటాడు. ఆ ఒక్క మాటతో క్వింటా రేటు జారిపోతుంది. ఆర్డర్లు నిజంగా లేవో, ఈయనకే లేవో షీ జిన్‌పింగ్ వచ్చి చెప్పడు గదా!

షీ గారు 2018లో అధ్యక్ష పదవికి రెండు దఫాల పరిమితి ఎత్తేయించారు. లోకం నోరెళ్లబెట్టింది. మావాళ్లు చలించలేదు. మా కోల్డ్ స్టోరేజీల్లో కాయకూ గడువుండదు, అద్దె పెరగడం తప్ప.

2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది మన సైనికులు ప్రాణాలిచ్చారు. ఢిల్లీ 59 చైనా యాప్‌లు నిషేధించింది. ఫోన్లోంచి టిక్‌టాక్ పోయింది. తేజా మాత్రం చైనాకు పోతూనే ఉంది. దేశభక్తి నుంచి మిర్చికి మినహాయింపు ఏ జీవోలో ఇచ్చారో నాకు దొరకలేదు.

2025లో ట్రంప్ చైనా మీద సుంకం 145 శాతానికి ఎక్కించగానే మన టీవీ విశ్లేషకులు ఎగిరి గంతేశారు. ఫ్యాక్టరీలన్నీ ఇక మనకేనన్నారు. ఆగస్టు 27 నాటికి అమెరికాకు వెళ్లే మన సరుకు మీదే 50 శాతం పడింది. ప్రకాశం జిల్లా రొయ్యల చెరువుల మీద ఆ విశ్లేషకులు ఒక్కరూ కనబడలేదు.

పత్తి సంగతి ఇంకా ముచ్చట. ఆ మార్చిలోనే అమెరికా పత్తి మీద చైనా 15 శాతం సుంకం బాదింది. మనమో? ఆ 50 శాతం చెంపదెబ్బ పడే ముందే ఆగస్టులో విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతమూ తీసేసి తలుపులు బార్లా తెరిచాం. మన రైతు పత్తిలో తేమ 12 శాతం దాటితే మాత్రం ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కేంద్రంలో మొహం చిట్లిస్తారు.

షీ అమెరికా సోయా కొనడం ఆపేసరికి ట్రంప్ తన రైతులకు 1,200 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. అంతకుముందు ఫిబ్రవరిలో మన మిర్చి పడిపోతే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ చివరి ఒక్క రూపాయికి ఎన్ని ఫైళ్లు తిరిగాయో! ఆ డాలర్ల సాయానికి ముందే, అక్టోబర్ 30న బుసాన్‌లో షీ, ట్రంప్ చేతులు కలిపి రాజీపడ్డారు.

ఢిల్లీ పెద్దలకు ఒకటే మనవి. మొదటి తీత పత్తి ఇంటికి రాకముందే సీసీఐ కేంద్రాలు తెరవండి. మిర్చి ధర కాయ కల్లంలోకి చేరకముందే చెప్పండి. బీజింగ్ విశ్లేషణ మా యార్డుకు వదిలేయండి.