పెదవి విరవడం ఎలా?

ఒకే సినిమాల వరసను ఏళ్ల తరబడి పట్టుకుని వేలాడేవాళ్లకు లోకంలో ఒక హోదా ఉంటుంది. ఆ హోదా నిలవాలంటే, వచ్చిన ప్రతి కొత్తదాన్నీ చూసి పెదవి విరుస్తూ ఉండాలి. స్టార్ వార్స్ అభిమానుల్లో ఈ విద్య బాగా ముదిరింది. కానీ ఈ మధ్య చేరిన కుర్రాళ్లు కొందరు, నచ్చినదాన్ని నచ్చిందని నలుగురిలో అనేసి సీనియర్ల పరువు తీస్తున్నారు. వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

అన్నిటికంటే ముందు, చూడకుండానే తేల్చెయ్యడం నేర్చుకోండి. చూశాక అభిప్రాయం చెప్పడం ఎవరైనా చేస్తారు, అందులో గొప్పేముంది? 2014 నవంబరులో 'ద ఫోర్స్ అవేకెన్స్' తొలి టీజర్ వచ్చినప్పుడు మనవాళ్లు చూపిన ప్రతిభ గుర్తు చేసుకోండి. మంచు కురుస్తున్న అడవిలో నల్ల ముసుగు మనిషి ఒకడు కాంతిఖడ్గం వెలిగిస్తాడు. పిడికి అటూ ఇటూ మరో రెండు చిన్న ఎర్రమంటలు పుడతాయి. అంతే! అలా పట్టుకుంటే మణికట్టు తెగదా అని వాదన మొదలైంది. సినిమా థియేటర్లకు రావడానికి ఇంకా ఏడాదికి పైగా గడువుంది. కథ ఏమిటో, ఆ ముసుగులో ఎవరున్నారో ఒక్కరికీ తెలియదు. అయినా తీర్పు వెలువడింది. గ్రహాలు పేలిపోయే కథలో మణికట్టు గురించి ఆందోళనపడటం తేలికైన పని కాదు, సాధన కావాలి.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు ఉండాలి మీ మాట. పాతదే బంగారం అనండి. ఏ పాతదో మాత్రం చెప్పకండి, చెబితే చిక్కుల్లో పడతారు. ఎందుకంటే 1977 మే 25న అమెరికాలో ముప్పై పైచిలుకు థియేటర్లలో విడుదలైన ఆ మొదటి సినిమాను మనలో చాలామంది చూడనే లేదు. కేబుల్ టీవీలోనో, అద్దెకు తెచ్చిన సీడీలోనో చూసినవాళ్లం. 1997 తర్వాత చూసినవారికి దాదాపుగా చేతికొచ్చింది దర్శకుడు జార్జ్ లూకాస్ చెక్కుడుపని చేసిన ప్రతే.

ఆ చెక్కుడుపనికి ఒక్క నమూనా చాలు. మోస్ ఐస్లీ సారాకొట్టులో, గోడవారగా ఒక బల్ల. ఇటు హాన్ సోలో, అటు తుపాకి గురిపెట్టి కూర్చున్న ఆకుపచ్చ మొహం గ్రీడో. బాకీ తీర్చలేదని చంపడానికి వచ్చాడు. హాన్ తాపీగా కబుర్లు చెబుతూ, ఎడంచేత్తో గోడను తడుముతూ, బల్ల కింద కుడిచేత్తో తుపాకి ఒర విప్పుతాడు. 1977లో అయితే, ఒకటే మెరుపు, పొగ, గ్రీడో బల్ల మీదికి వాలిపోతాడు. హాన్ లేచి, గలీజు చేసినందుకు అన్నట్టు కొట్టువాడికి ఒక నాణెం విసిరి వెళ్లిపోతాడు. ఈ మనిషి పెద్దమనిషేమీ కాదని మనకు అక్కడే తెలిసిపోతుంది. చివరికి అతనే స్నేహితుల కోసం వెనక్కి తిరిగి రావడంలో మజా ఉన్నదీ అందుకే. 1997 ప్రతిలో గ్రీడో ముందు పేలుస్తాడు, చెయ్యి చాపితే తగిలే దూరం నుంచి, గురి తప్పి! హాన్ తలను కంప్యూటర్ పక్కకు జరుపుతుంది. 2004 డీవీడీలో ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి పేలుస్తారు. 2019లో డిస్నీ ప్లస్‌లోకి వచ్చేసరికి గ్రీడో పేల్చేముందు 'మక్లంకీ' అని ఏదో అంటాడు. నలభై రెండేళ్లు పట్టింది ఆ మాట బయటకు రావడానికి.

కాబట్టి, స్వచ్ఛమైన స్టార్ వార్స్‌ను కాపాడుకోవాలని మీరు ఆవేశపడేటప్పుడు, మీ బీరువాలో ఉన్నది ఈ నాలుగింటిలో ఏదో ఎవరూ అడగకుండా గొంతు పెంచండి. మన 'మాయాబజార్'కు 2010లో రంగులద్దారు గానీ, నలుపు తెలుపు ప్రతి ఎక్కడికీ పోలేదు. కావలసినవాళ్లు దాన్నే చూస్తున్నారు. లూకాస్ అలా కాదు, పాతదాన్ని అటకెక్కించి నిచ్చెన తీసేశాడు. 2006లో ఒక్కసారి డీవీడీలో అదనపు డిస్కుగా మసకమసగ్గా వదిలాడు, అంతే. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1977 నాటి అసలు ప్రింటునే ప్రొజెక్టరుకు ఎక్కించారు. ఇలాంటి పనులు ఎక్కువ కాకుండా చూసుకోవాలి. అందరూ చూసేస్తే మనం మిస్సయ్యామని ఏడవడానికి ఏం మిగులుతుంది?

ఇక ఇరవై ఏళ్ల వాయిదా సూత్రం. కొత్తది ఎప్పుడూ చెత్త, ఇరవై ఏళ్లు దాటినది ఎప్పుడూ కళాఖండం. 1980లో 'ద ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో విన్సెంట్ కాన్బీ దాన్ని చూసి పెదవి విరిచాడు. కథ మధ్యలో ఆపేశారని అభిమానుల్లోనూ సణుగుడు ఉండేది. ఇవాళ ఆ సినిమాను కాదన్నవాడికి మన మధ్య నీళ్లు పుట్టవు. 1999లో 'ద ఫాంటమ్ మెనేస్' రాబోతుందంటే, దాని ట్రైలర్ చూడటానికే 'మీట్ జో బ్లాక్' సినిమాకు టికెట్లు కొని, ట్రైలర్ అవగానే లేచిపోయినవాళ్లున్నారు. సినిమా వచ్చాక వాళ్లే గుండెలు బాదుకున్నారు. అనకిన్‌గా వేసిన హేడెన్ క్రిస్టెన్సెన్‌కు తర్వాతి రెండు సినిమాలకూ రాజీ అవార్డులవాళ్లు చెత్త సహాయనటుడి బహుమతి ఇచ్చారు. ఆ రెండింటిలో ఒకటైన 'రివెంజ్ ఆఫ్ ద సిత్'ను ఇరవయ్యేళ్లు నిండాయని 2025 ఏప్రిల్‌లో మళ్లీ వేస్తే, అమెరికాలో ఒక్క వారాంతంలో రెండున్నర కోట్ల డాలర్లు వచ్చాయి. అప్పటికే హేడెన్ 2022లో 'ఓబీ-వాన్ కెనోబీ'లోనూ, 2023లో 'అసోకా'లోనూ తిరిగొచ్చి ఈలలు వేయించుకున్నాడు. ఈ లెక్కన 2019 నాటి 'ద రైజ్ ఆఫ్ స్కైవాకర్'ను 2039లో నెత్తిన పెట్టుకుందురు గాని, అప్పటిదాకా తొందరపడకండి. ఆ సినిమాలో చచ్చిపోయిన చక్రవర్తి పాల్పటీన్ మళ్లీ బతికొచ్చానని విశ్వమంతా వినపడేలా ప్రకటిస్తాడు. ఆ ప్రకటన సినిమాలో వినిపించదు, ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేమ్‌లో వినిపించింది. దీన్ని సమర్థించాలంటే ఇరవై ఏళ్లు చాలకపోవచ్చు, అది వేరే సంగతి.

కోరికల విషయానికొస్తే, ఒకదానికొకటి పొసగనివి రెండు కోరండి. 'ద ఫోర్స్ అవేకెన్స్' 1977 కథలాగే ఉంటే పాత చింతకాయ పచ్చడి అనండి. మరుసటిది 'ద లాస్ట్ జెడై' వేరే దారి తొక్కితే అపచారం అనండి. లూక్ స్కైవాకర్ ముసలివాడై, విసుగెత్తి, ఒక దీవిలో ఒంటరిగా చేపలు పట్టుకుంటూ కూర్చోవడమేమిటి? మనకు వయసొచ్చింది గానీ ఆయనకెందుకు రావాలి?

కథ అర్థం కాకపోతే కాలపట్టిక మీద పడండి. 2024లో వచ్చిన 'ద అకోలైట్' సిరీస్ 'ఫాంటమ్ మెనేస్'కు వందేళ్ల ముందు జరుగుతుంది. ఒక ఎపిసోడ్‌లో కి-ఆది-ముండి అనే పొడవాటి బుర్ర జెడై యోధుడు కాసేపు కనబడ్డాడు. అప్పటికి ఆయన పుట్టనే లేదు కదా అని రచ్చ. ఆయన పుట్టిన ఏడాది ఏ సినిమాలోనూ లేదు, ఎప్పటివో పక్క ప్రచురణల్లో ఉంది. అవేవీ ఇప్పుడు కథ లెక్కలోకి రావని 2014లోనే ప్రకటించారు. అయితేనేం, ఆ సిరీస్‌లో నిజంగా కుంటినడక నడిచిన మాటల్ని, సాగదీసిన గతాన్ని ఎవరూ పట్టించుకునే తీరిక లేకుండా పోయింది. ఒక్క సీజన్‌తోనే ఆగస్టులో దాన్ని ఆపేశారు.

కథ రాసినవాళ్లు దొరక్కపోతే నటులున్నారుగా. ఇది మన సంప్రదాయంలో పురాతనమైన అంగం. 'ఫాంటమ్ మెనేస్'లో జార్ జార్ బింక్స్ వేషం వేసిన అహ్మద్ బెస్ట్ మీద 1999లో అమెరికా అంతా విరుచుకుపడింది. ఆ రోజుల్లో ప్రాణం తీసుకుందామనుకుని నిలబడ్డ వంతెన దగ్గర, చాలా ఏళ్ల తర్వాత కొడుకును పక్కన పెట్టుకుని తీయించుకున్న ఫొటోను 2018లో ఆయన బయటపెట్టాడు. అదే ఏడాది, 'ద లాస్ట్ జెడై'లో నటించిన కెల్లీ మేరీ ట్రాన్, మన తిట్ల ధాటికి తన ఇన్‌స్టాగ్రామ్ తుడిచేసుకుంది. అహ్మద్ బెస్ట్ 2023లో 'ద మ్యాండలోరియన్'లో జెడైగా వచ్చి, రెండు ఖడ్గాలు తిప్పుతూ పసి గ్రోగును కాపాడితే మనవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరూ క్షమాపణ చెప్పినట్టు లేదు. చెప్పకూడదు కూడా, సీనియారిటీ పోతుంది.

ఇక మీకు పెద్ద పరీక్ష 'ఆండోర్'. 2022లో ఒక సీజన్, 2025 ఏప్రిల్, మే నెలల్లో వారానికి మూడు ఎపిసోడ్ల చొప్పున రెండోది. టోనీ గిల్‌రాయ్ చేశాడు. ఇందులో కాంతిఖడ్గాలు తిప్పేవాళ్లు లేరు, స్కైవాకర్లు లేరు. హీరో కాసియన్ చివరికి చచ్చిపోతాడని 2016 నాటి 'రోగ్ వన్'లోనే చూసేశాం. తిట్టడానికి ఇన్ని వసతులుండీ తిట్టబుద్ధి కాదు. అదే ప్రమాదం.

ఫెరిక్స్ అనే గ్రహంలో ఇనుప తుక్కు విప్పుకుని బతికే ఊరొకటి. అక్కడ పొద్దు గడిచేది గంటతో కాదు. గోపురం మీద ఒకాయన రెండు చేతులా సమ్మెటలు పట్టుకుని దాగలి మీద మోదుతాడు. కింద వీధిలో గోడకు పనివాళ్ల చేతి తొడుగులు వరసగా వేలాడుతుంటాయి, ఎవరిది వాళ్లు తీసుకుని పనికి పోతారు. ఆ ఊళ్లో మనిషి పోతే అస్థికలు కలిపి ఇటుక చేసి గోడలో పెడతారు. కాసియన్‌ను పెంచిన తల్లి మార్వా పోయింది. బ్యాండు మేళంతో ఊరేగింపు, చుట్టూ సామ్రాజ్యపు సైన్యం. చావుకు ముందే రికార్డు చేసిపెట్టిన ఆవిడ రూపం వీధి మధ్యలో నిలువెత్తున లేచి ఊరిని నిద్రలేపుతుంది. గొడవ మొదలవుతుంది. మార్వా ఇటుకను మోసుకొస్తున్న బ్రాసో, ఆ ఇటుకతోనే సామ్రాజ్యం మనిషిని ఒక్కటిస్తాడు. ఆమె పోయాక కూడా కొట్టిందన్నమాట. రెండు గంటలు కాంతిఖడ్గాలు తిప్పినా రాని ఊపు ఆ ఒక్క ఇటుకలో ఉంది.

ఇలాంటివి చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తే వెంటనే సర్దుకోండి. నీళ్లు తాగండి. తప్పనిసరై పొగడాల్సి వస్తే, ఇది స్టార్ వార్స్‌లా లేదు కాబట్టి బాగుంది అనండి. దీనివల్ల పొగిడినట్టూ ఉంటుంది, మిగతావన్నీ తిట్టినట్టూ ఉంటుంది. 'ఆండోర్'లో ఖైదీలు కరెంటు పారే నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి బిగించిన విడిభాగాలు ఎక్కడికి చేరాయో మొదటి సీజన్ చివర, పేర్లన్నీ పడ్డాక చూపిస్తారు. 1977 సినిమాలో లూక్ పేల్చిన, గ్రహాల్ని పేల్చే ఆ ఆయుధంలోకే. పాత సినిమాకు ఇప్పుడు కొత్త బరువు వచ్చిందని మీకు అనిపించవచ్చు. అలాంటి ఆలోచనలు ఆదిలోనే తుంచెయ్యాలి.

పక్కవాడికి నచ్చిందంటే మాత్రం ఊరుకోవద్దు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టుంటుంది మన బాధ. సినిమా బాగాలేకపోవడాన్ని భరించవచ్చు, బాగాలేని సినిమా చూసి సంతోషంగా ఇంటికి పోయేవాణ్ని భరించలేం.

బొమ్మలు కొనడం మానొద్దు. తిడుతూనే కొనండి. 1977 క్రిస్మస్‌కు బొమ్మలు తయారవక, కెన్నర్ కంపెనీ ఒక అట్టపెట్టె, అందులో తర్వాత పంపుతామన్న కాగితం పెట్టి అమ్మింది. జనం కొన్నారు. లూక్, లేయా, చూబాకా, ఆర్2-డీ2 మరుసటి ఏడాది పోస్టులో వచ్చాయి. ఖాళీ పెట్టె కొన్న వంశం మనది.

ఇక దగ్గర పని. 'ద మ్యాండలోరియన్ అండ్ గ్రోగు'కు 2026 మే 22 అని తేదీ ఖరారు చేశారు. సమీక్ష ఇప్పుడే రాసి పెట్టుకోండి. టీవీ ఎపిసోడ్లు మూడు కలిపి కుట్టారు అని ఒక వాక్యం, ఇది సినిమా కాదు బొమ్మల ప్రకటన అని ఇంకో వాక్యం తయారుగా ఉంచండి. ర్యాన్ గాస్లింగ్‌తో 2027 మేలో అంటున్న 'స్టార్‌ఫైటర్'కు పేర్లు మార్చి అవే వాడుకోవచ్చు. గ్రోగు ముద్దుగా ఉన్నాడని ఎవరైనా అంటే, తోలుబొమ్మ కాబట్టి, పాతకాలపు పద్ధతి కాబట్టి అని మీ ఖాతాలో వేసుకోండి. మొదటి రోజు మొదటి ఆటకే వెళ్లండి, ఆలస్యమైతే బాగుందన్న మాట చెవిన పడిపోతుంది. తప్పులు సరిచూసుకోవడానికి ఆదివారం ఆటకు ఇంకో టికెట్ తీసిపెట్టుకోండి, ఎలాగూ వెళ్తారు. పిల్లల్ని మాత్రం వెంటబెట్టుకెళ్లకండి. వాళ్లు హాల్లో చప్పట్లు కొడతారు, వాళ్లతోపాటు మీరు కూడా కొట్టడం ఎవరైనా చూస్తే, ఇన్నేళ్ల శ్రమ నీళ్లపాలు.