మంటకు ముందు ఫారం

మా బ్యాక్‌యార్డ్ లోతు 40 అడుగులు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఇకముందు చెప్పబోయేదంతా ఆ 40 అడుగుల్లోనే జరగాలి, దానికి ఆ చోటు చాల్లేదు.

డాలస్‌కు ఉత్తరాన తెలుగువాళ్లం ఒకరి పక్కన ఒకరం ఇళ్లు కొనుక్కున్న కాలనీలన్నిటిదీ ఒకటే తీరు. ముందు గడ్డి, వెనక గడ్డి, వెనక గడ్డి చుట్టూ ఆరడుగుల చెక్క కంచె. ఆ గడ్డి నడుమ ఒక ఫైర్ పిట్ కట్టుకుని చలికాలం సాయంత్రాలు దాని చుట్టూ కూచుందామని మా ఆవిడ అంది. భోగికి కూడా పనికొస్తుందని నేనన్నాను. యూట్యూబ్‌లో చూస్తే ఒక పొడుగాటి మనిషి పొద్దున తవ్వడం మొదలుపెట్టి, మధ్యాహ్నానికి రాళ్లు పేర్చేసి, సాయంత్రం మంట పక్కన గిటార్ వాయిస్తున్నాడు. ఆయనకు కంచె ఉన్నట్టు లేదు.

అమెరికాలో చాలా ఊళ్లు పాటించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ అని ఒకటుంది. మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు మించని సరదా మంటకు అది పెట్టే షరతు ఏమిటంటే, ఏ కట్టడానికైనా, అంటుకునే ఏ వస్తువుకైనా 25 అడుగుల దూరం ఉండాలి. ఇంటికి 25, చెక్క కంచెకు 25, మధ్యలో మంటకు 3. వెరసి 53. నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి కాగితం మీద గీసి మరీ చూశాను. చట్టప్రకారం మా మంట కంచె దాటి వెనకింటి వాళ్ల వైపు వెళ్లిపోతోంది. వాళ్ల వంటింట్లో ఎలాగూ స్టవ్వు ఉంది కదా, మళ్లీ మాదెందుకు?

ఊరూరికీ ఈ లెక్క మారుతుంది కాబట్టి బతికిపోయాం. రాళ్లతో కట్టిన గుంతకు, పైన నిప్పురవ్వలు ఎగరకుండా ఇనప జల్లెడ మూత ఉన్నదానికి కొన్ని ఊళ్లు 10, 15 అడుగులు చాలంటాయి. మాది అలాంటి దయగల ఊరేనని ఫైర్ డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేస్తే తెలిసింది. ఫోనెత్తినాయన మర్యాదస్తుడు. నీళ్ల పైపు చేతికందేట్టు పెట్టుకోమన్నాడు, మంట పూర్తిగా ఆరేదాకా అక్కణ్ణుంచి కదలొద్దన్నాడు.

ఊరు ఒప్పుకుంది. ఇక కాలనీ సంఘం ఒప్పుకోవాలి. దానికొక ఫారం, స్థలం ప్లాను, కట్టబోయే దాని బొమ్మ, వాడబోయే రాయి రంగు. రాయి రంగు ఇంటి గోడ రంగుతో కలవాలి. మంట రంగు గురించి మాత్రం ఏమీ రాయలేదు.

ఈ ఫారం నింపుతుండగా కనిగిరి నుంచి వచ్చి మా దగ్గరుంటున్న మా నాన్న పక్కన కూచున్నాడు.

"ఏందబ్బయ్యా, చలి కాచుకోడానికి గూడా పంచాయతీ సంతకం కావాల్నా?"

"పంచాయతీ కాదు నాన్నా, కాలనీ సంఘం వాళ్లు."

"వాళ్లు చలి కాచుకోరా?"

"వాళ్లయినా ఇదే ఫారం నింపాలి."

"మరి వాళ్ల ఫారం మీద సంతకం ఎవురు పెడతారు?"

సంఘం నియమావళి మొత్తం వెతికాను. ఆయన ప్రశ్నకు జవాబు దొరకలేదు.

నా లాన్ మీద మా నాన్నకు మొదటినుంచీ సదభిప్రాయం లేదు. నీళ్లు పెట్టి, ఎరువేసి, పెంచి, వారానికోసారి కోసి పారేస్తుంటే చూసి, "గొడ్లు లేని ఇంట్లో ఇంత గడ్డెందుకురా" అన్నాడు. అందుకని గడ్డిలో గుంత తవ్వుతామంటే ఇంట్లో అందరికన్నా సంతోషించింది ఆయనే.

కానీ తవ్వేముందు 811కి ఫోన్ చేయాలి. గునపం దిగే ప్రతి చోటికీ అమెరికా మొత్తం మీద ఈ ఒక్క నంబరే. 2007 నుంచి ఉంది. డబ్బేమీ తీసుకోరు. కంపెనీల మనుషులు వచ్చి భూమిలో ఏది ఎక్కడుందో గడ్డి మీద రంగు చల్లి, చిన్న చిన్న జెండాలు గుచ్చి పోతారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నారింజ ఫోను, కేబుల్ తీగలు, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు. మా నాన్న పొద్దున్నే తలుపు తీసి ఈ జెండాలు చూసి, ఇక్కడ కూడా ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చిందా అన్నాడు. పసుపు జెండా దగ్గర ఆగి ఆయన చేసిన వ్యాఖ్య ఇక్కడ రాయను. మా ఇంట్లో రెండు పార్టీల వాళ్లమూ ఉన్నాం.

జెండాలకు దూరంగా మధ్యలో ఒక మేకు కొట్టి, దానికి తాడు కట్టి, గుండ్రంగా గీత గీశాం. మొదటి పార మట్టి పైకి రాగానే నాన్న వంగి ఒక పెళ్ల తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపాడు. చెమ్మ ఉన్న చోట జిగురుగా సాగింది, ఆరిన చోట రాయిలా ఉంది. "ఇది మన నల్లరేగడే గదరా!" అన్నాడు. నిజమే. డాలస్ చుట్టుపక్కల నేలను బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నల్లమట్టి అది. అదలా ఉబ్బి కుంగి ఇళ్ల పునాదులు పగలగొడుతుందని ఇక్కడి జనం ఎండాకాలంలో పునాదుల చుట్టూ చెమర్చే పైపులు పరిచి నీళ్లు పెడతారు. ఇది విని నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మా ఊళ్లో మిరప తోటకు దొరకని నీళ్లు ఇక్కడ గోడకు పెడుతున్నారు మరి.

ఆ రోషమో ఏమో, ఆ తర్వాత పార నా చేతికివ్వలేదు. ఆరంగుళాలు తవ్వాడో లేదో భూమిలోంచి నీళ్లు ఎగజిమ్మాయి. 811 వాళ్లు కంపెనీల గొట్టాలకే గుర్తులు పెడతారు, ఇంటివాళ్లు వేయించుకున్న స్ప్రింక్లర్ పైపు వాళ్ల లెక్కలోకి రాదు. నేను వాల్వు కట్టేయడానికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన నిలువునా తడిసి, పార పక్కకు పెట్టి, గర్వంగా నిలబడి ఉన్నాడు.

"కనిగిరిలో ఆరొందల అడుగులు బోరేసినా పడలా. ఈడ ఆరంగుళాలకే పడ్డయ్యి!"

పైపు అతికించడం, గుంతను నాలుగడుగులు జరపడం, మళ్లీ ప్లాను గీయడం, మళ్లీ సంఘానికి పంపడం, ఇవన్నీ వివరంగా రాస్తే మీరు చదవరు.

రాళ్ల సంగతి మాత్రం రాయాలి, అందులో ప్రమాదం ఉంది. మా ఆవిడకు వాగుల్లో దొరికే నున్నటి గుండ్రాళ్లు నచ్చాయి. అవి మంట పక్కన పనికిరావు. లోపల చిక్కుకున్న చెమ్మ వేడికి ఆవిరై, బయటికి దారి లేక రాయిని పేల్చేస్తుంది. అందుకే కింద కంకర పరిచి దిమ్మిస చేసి, బయటికి కాంక్రీటు దిమ్మెలు, లోపల మంటను ఓర్చుకునే ఫైర్ బ్రిక్కు పెట్టాం. అడుగు వరసలో అక్కడక్కడా గాలికి సందులు వదిలాం. ఇదంతా నేను పుస్తకం చదివి చెబుతుంటే మా నాన్న, మూడు రాళ్ల పొయ్యి పెట్టేటప్పుడు వాళ్లమ్మ ఈ సందుల సంగతి ఎవరినీ అడగలేదని గుర్తుచేశాడు.

కట్టెల దగ్గరికి వచ్చేసరికి పక్కింటాయన రంగంలోకి దిగాడు. టెక్సస్ మనిషి. కట్టెల విషయంలో ఇక్కడివాళ్లకు మనకు ఆవకాయ మీద ఉన్నంత పట్టింపు ఉంటుంది. మెస్కీట్ ఎప్పుడు, పీకాన్ ఎప్పుడు, ఓక్ ఎప్పుడు అని అరగంట చెప్పాడు. తర్వాత జేబులోంచి రెండు సూదులున్న చిన్న మీటరు తీసి కట్టెలో గుచ్చాడు. తేమ 20 శాతం లోపుంటేనే పొగ లేకుండా మండుతుందట. మీటరు 18 చూపించింది. ఈలోపు మా నాన్న రెండు కట్టెలు తీసుకుని ఒకదాంతో ఒకటి కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. టంగుమంది. "ఎండింది" అన్నాడు తెలుగులో. "డ్రై" అన్నాడాయన ఇంగ్లీషులో. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ కంచెకు అటూ ఇటూ నిలబడి రోజూ మాట్లాడుకుంటారు. ఏ భాషలోనో నాకు తెలీదు.

భోగి బుధవారం వచ్చింది. ఆఫీసులు, బళ్లు ఉన్న దేశంలో పండగ శనివారమే చేసుకోవాలి కాబట్టి మా భోగి ముక్కనుమ నాడు పడింది. నాన్న పంచాంగం మూసేసి లోపల పెట్టేశాడు. భోగిమంటలో పాత సామాన్లు వేయాలని ఇల్లంతా వెతికితే వేయదగ్గది దొరకలేదు. కుర్చీలు, అలమర్లు, మంచాలు అన్నీ రంపపు పొట్టును జిగురుతో అతికించినవి. అవి కాల్చకూడదు, విషపు పొగ వస్తుంది. రంగేసిన చెక్క, మందు పట్టించిన కంచె చెక్క కూడా కాల్చకూడదు. "లక్షలు పోసి కొన్న ఇంట్లో కాల్చడానికి ఒక్క నిజం చెక్క లేదురా" అన్నాడాయన. టైర్లు కాల్చే మన వీధులతో పోలిస్తే ఈ నిషేధమే నాకు నచ్చింది గాని, పైకి అనలేదు. ఆన్‌లైన్లో తెప్పించిన పిడకలతో దండ గుచ్చి మా అమ్మాయి చేత వేయించాం.

మంట బ్రహ్మాండంగా లేచింది. పొగ మాత్రం నా వెంటే తిరిగింది. మనిషి అడ్డుగా కూచున్న వైపు నుంచి మంటకు గాలి సరిగా అందదు, అందుకని పొగ అటే వాలుతుంది అంటుంది సైన్సు. చుట్టూ పదిమందిమి కూచుంటే నా ఒక్కడి మీదికే ఎందుకు వచ్చిందో సైన్సు చెప్పదు. ఇంటి లోను ఎవరి పేరున ఉందో పొగకు తెలుసని మా ఆవిడ అంది.

తెల్లారాక బూడిద ఎత్తుదామంటే అదీ కుదరదు. పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు రోజుల తరబడి ఉండొచ్చు. ప్లాస్టిక్ చెత్త డబ్బాలో వేశారంటే డబ్బా కరిగి గరాజు అంటుకుంటుంది. మూతున్న ఇనప బకెట్లో వేసి నీళ్లు పోయాలి. గడ్డికి ఎరువుగా చల్లుదామంటే ఇక్కడి నేల ముందే క్షారపు నేల, బూడిదతో ఇంకా చెడుతుంది. అంట్లు తోమడానికి దాచిపెట్టమని నాన్న అన్నాడు. మా ఆవిడ డిష్‌వాషర్ వైపు చూసి ఊరుకుంది.

ఇంత ఖర్చు, ఇన్ని కాగితాల తర్వాత నా తీర్పు అడిగితే, కట్టుకోండి అనే చెబుతాను. మీరు డాలస్ వైపు వస్తే మా ఇంటికి రండి. కుర్చీలున్నాయి, కట్టెలున్నాయి, టీ పెడతాం. రెండు రోజుల ముందు ఒక ఫోన్ మాత్రం కొట్టండి. ఆ వారం గాలి ఎలా ఉందో, మంటల మీద నిషేధం పెట్టారో లేదో చూసి చెప్పాలి.