కాలువ బంద్, పాట చాలూ

2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పెళ్లి బరాత్‌లన్నీ చుట్టేసింది. అప్పటినుంచి తెలంగాణలో ప్రతి డిగ్రీ బ్యాచ్‌కూ ఒక డైరెక్టర్ పుట్టుకొచ్చాడు. బాన్సువాడలో మా బ్యాచ్‌కు మాత్రం ఆ కొరత లేదు, అందరూ డైరెక్టర్లే. బ్లూటూత్ స్పీకర్ మోసేవాడే దొరక్క, అది నా చేతిలో పెట్టారు.

మా జానపద పాట వీడియో ప్లానింగంతా చాయ్ హోటల్లో. డ్రోన్, క్రేన్, పొగ, తెల్ల గుర్రం అని నోట్‌బుక్కులో రాసుకున్నాం. చాయ్ బిల్లు కట్టేసరికి గుర్రం పోయింది. చందాలు లెక్కపెట్టేసరికి క్రేన్, డ్రోన్ పోయాయి. పొగ మిగిలింది. వరికొయ్యలు కాలిస్తే ఊరికే వస్తుందన్నాడొకడు. యాసంగి నాట్ల వేళ కొయ్యలెక్కడివి!

పాట మా దోస్తే రాశాడు. అందులో ‘బావ’ తీసేస్తే సగం ఉండదు. బాణీ సొంతమేనని ప్రమాణం చేశాడు గానీ, విన్నవాళ్లంతా ‘ఇది మా అమ్మమ్మ పాడేది’ అన్నారు. జానపదానికి అంతకుమించిన సర్టిఫికెట్ ఏముంది?

అసలు తమాషా స్లోమోషన్‌లో ఉంది. తెర మీద అడుగులు మెల్లగా పడాలి, పెదాలు మాత్రం పాటతో కలవాలి. అంటే సెకనుకు 25 ఫ్రేములు కాక 50 తీసి, పాటను రెండింతల వేగంతో వినిపించాలి. హీరోహీరోయిన్లు ఆ వేగంతోనే పాడాలి, ఆడాలి. తర్వాత దాన్ని సగానికి దించితే ప్రేమ పొంగుతుంది. దించకముందు చూస్తే మాత్రం వేరే సంగతి. నా స్పీకర్ ఎలుక గొంతుతో కీచుమంటోంది, పొలం ఒడ్డు మీద ఇద్దరూ ఎగిరి దుంకుతున్నారు. నాట్లేసే అమ్మలు నడుములెత్తి చూశారు.

“ఏమాయె బిడ్డా, తేనెటీగలు లేసినయా?”

సంగతి చెప్పాం. “జర నిమ్మలంగ పెట్టు, మేం గూడ అందుకుంటం” అందొక పెద్దమ్మ. అందుకున్నారు. మా పాట మాకే కొత్తగా, మాకంటే మంచిగా వినిపించింది. సరిగ్గా అప్పుడే కెమెరా బ్యాటరీ అయిపోయింది.

ఇంతకీ మా వీడియోలో స్టార్ నిజాంసాగర్ కాలువ. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ప్రాజెక్టు అది. కట్టింది పంటలకు, పాటలకు కాదు. నీళ్లు విడతలవారీగా వదులుతారన్న ముచ్చట రైతుబిడ్డలమైన మాలో ఒక్కడికీ గుర్తు రాలేదు. పల్లవి తీసినప్పుడు కాలువ నిండుగా పారింది. మధ్యలో ప్రాక్టికల్స్ వచ్చాయి. చరణానికి వెళ్తే కాలువలో గొర్లు నడుస్తున్నాయి.

మళ్లీ నీళ్లొచ్చేదాకా ఆగుదామన్నారు సగం మంది డైరెక్టర్లు. “మా అక్క లంగా ఓణి రేపు వాపస్ ఇయ్యాలె” అంది హీరోయిన్. చర్చ ముగిసింది. ఎడిటింగ్ చేసేవాడు చరణం కింద ఏడుపు ఫ్లూట్ కలిపి, ప్రేమికుల్ని విడగొట్టేశాడు. మాటల్లో బావ ఇంకా జాతరకు రమ్మంటూనే ఉన్నాడు.

ఫేర్‌వెల్‌లో వేశాం. తెలుగు సారు మైకందుకుని, ఎండిన కాలువను విరహానికి ప్రతీకగా వాడటం ఈ వయసులో అరుదని మెచ్చుకున్నారు. డైరెక్టర్లంతా ఒక్కసారే లేచి దండం పెట్టారు. అది ముందే అనుకున్నదని ఒకడు జూనియర్లకు ఇప్పటికీ చెబుతున్నాడు. వాడు రాసిన తర్వాతి పాట ప్లాను చూశాను. మొదటి లైను: ‘నీళ్లెప్పుడు బంద్ చేస్తరో కాలువ లష్కర్‌ను అడగాలె.’