గడప దాటి వచ్చిన బడి

బిడ్డ బడికి పోవుట లోకాచారము. బడియే బిడ్డను వెదకికొనుచు ఇంటికి వచ్చుట 2020వ సంవత్సరపు వేసవి వరకు మన తెలుగునాట ఎవ్వరును కని విని యెరుగనిది. ఆ యేడు మార్చి 25వ తేదీన దేశమంతయు తలుపులు బిగించుకొని కూర్చుండగా, వీధిముఖము చూడరాని బాలబాలికలయెడ అపారకరుణ వహించి, చదువులతల్లి తన గోడలను, గంటను, ఆటస్థలమును, నల్లబల్లను, ద్వారముకడ నిలిచెడి ఆయాను, బస్సును ఎక్కడివక్కడ విడిచి, ఫీజు రసీదుల పుస్తకమును మాత్రము చంకనిడుకొని, ఆరంగుళముల గాజుపలకపై మన ముందుగదిలోనికి దయచేసినది. వచ్చిన అతిథికి పీట వేయుట గృహస్థధర్మము కావున వేసితిమి. ఆ పీట వేసిన దెవరు, వండిన దెవరు, వడ్డించిన దెవరు, చేయి కడుగుకొని తాంబూలము పుచ్చుకొన్న దెవరు అను సంగతి మాత్రము నాటి ప్రభుత్వోత్తరువులలో నమోదు కాలేదు. ఆ లోపమును పూరించుటకే యీ చిన్న ప్రయత్నము.

మచ్చునకు కూకట్‌పల్లిలో నాలుగవ అంతస్తున రెండు పడకగదుల యిల్లొకటి ఊహింపుడు. ఇంటియజమాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇల్లాలు ఒక ప్రైవేటు పాఠశాలలో సాంఘికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయిని. కుమారుడు ఏడవ తరగతి, కుమార్తె యూకేజీ. వీరందరికిని పెద్దదిక్కు, డిప్యూటీ తహసీల్దారుగా పదవీవిరమణ చేసిన తాతగారు. మనుష్యులు ఐదుగురు, ఫోనులు మూడు, కంపెనీవారిచ్చిన ల్యాప్‌టాపు ఒకటి యున్నను, దానిని పిల్లలు ముట్టుకొనినచో ఉద్యోగమునకే ముప్పు. కృష్ణాజలములను మూడు రాష్ట్రములకు పంచిపెట్టుటకు 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలునకు తుదితీర్పు వెలువరించుటకు 1976 వరకు పట్టినది; ఈ యింటి ట్రిబ్యునలు ప్రతిదినము ఉదయము ఎనిమిది గంటల యిరువది నిమిషములకు సమావేశమై ఎనిమిదిన్నరకు తీర్పు చెప్పవలెను. తాతగారి ఫోను తాతగారి పింఛనుతో కొన్నది, ఉదయమున ఆయన అందులో ప్రవచనము వినును, కావున ఎగువ రాష్ట్రమువారి హక్కు ఆయనది. తండ్రి ఫోనునకు ఏ క్షణమునైన ఆఫీసునుండి ఓటీపీ వచ్చును. తల్లి ఫోనులో తల్లియే పాఠము చెప్పవలెను. ఇద్దరు బిడ్డలకును మిగిలినది తీర్పులోని మిగులుజలమే.

ఇక ఆ యిల్లాలి వేషము చూడదగినది. కెమెరా కంటికందునంత మేర దువ్విన తల, మెడలో పాఠశాల గుర్తింపుకార్డు, భుజములపై ఇస్త్రీ చున్నీ. అంతకు దిగువ రాత్రి వేసికొన్న నైటీ. వెనుక పోపులడబ్బా కనబడకుండ వ్రేలాడదీసిన దుప్పటి. కళింగయుద్ధానంతరము అశోకుడు పశ్చాత్తప్తుడగుచున్న గంభీరసమయమున కుక్కరు మూడవ విజిలు వేసినచో, మైకు ఆపుటయు పొయ్యి ఆపుటయు ఏకకాలమున జరుగవలెను. ఒకదాని బదులు రెండవది ఆపినయెడల కళింగమునకు పట్టిన గతియే పప్పునకును పట్టును. తెరపై నలువదిమంది శిష్యులు నలువది నల్లని గళ్లయి నిశ్శబ్దముగా కూర్చుండగా, ఆమె ఒక ప్రశ్న వేసినంతనే, "మేడమ్, మీ వాయిస్ కట్ అవుతోంది" అను సమాధానము ఒకానొక గడినుండి వెలువడును. ఆ వాయిసు ప్రశ్నవేళ తప్ప మరెన్నడును కట్ కాకుండుట శాస్త్రజ్ఞులు పరిశోధింపదగిన విషయము. ఆమె నిట్టూర్చు ఆ క్షణముననే ప్రక్కగదిలో ఆమె కన్నకొడుకు తన లెక్కల మేడముగారితో ఆ వాక్యమునే, ఆ వినయముతోడనే పలుకుచుండును. ఆ లెక్కల మేడముగారి కొడుకు మియాపూరులోనో మల్కాజిగిరిలోనో వేరొక మేడముగారితో పలుకుచుండును. ఇట్లు నగరమందలి విదుషీమణులు ఒకరి బిడ్డలకొకరు విద్యాదానము గావించుచు, తమ బిడ్డ యేమి వెలగబెట్టుచున్నాడో చూచుకొనుటకు మాత్రము తీరిక లేనివారైరి.

ఇంటియజమాని యీ యజ్ఞమున పాలుగొనలేదనుట అన్యాయము. నెట్ బిల్లు చెల్లించువాడాయనయే; ఆ మాట ఆయన తరచుగా జ్ఞాపకము చేయుచుండును. పడకగది తలుపు మూసికొని "ఆడిబుల్?" అని సముద్రాంతరములవారిని అడుగుచుండు ఆ మహానుభావుని, లింకు తెరచుకొనలేదనియో పిల్ల యేడ్చుచున్నదనియో ఎవరైన పిలిచినయెడల, సగము తెరచిన తలుపునుండి అరచేయి యొకటి వెలికి వచ్చి, "మీటింగులో ఉన్నా" అను వాక్యముతోడ మరల అంతర్ధానమగును. ఇల్లాలును మీటింగులోనే యున్నది. అయినను, తలుపున్న గదిలో జరుగునది మీటింగనియు, తలుపులేని వంటింటిలో జరుగునది వంటయే యనియు మన గృహధర్మశాస్త్రము ఏనాడో నిర్ణయించినది. దానిని వ్రాసినవారు లేరు, కంఠస్థము చేయనివారును లేరు. కావుననే గంట కొట్టు బంట్రోతు, హాజరు పిలుచు మానిటరు, నోటుపుస్తకములు దిద్దు పంతులు, ప్రార్థనవేళ పిల్లను నిలువబెట్టు డ్రిల్లు మాష్టారు, చిట్టచివరకు ఫోను వేడెక్కినప్పుడు విసరు ఆయా కూడ ఆమెయే అయినది. పాఠశాలలో ఇన్ని కొలువులకు ఇందరిని నియమించి జీతములిచ్చెడివారు. ఇంటిలో ఒక్క పిలుపుతో సరిపోయినది. "అమ్మా!"

జీతము మాట వచ్చినది గనుక ఫీజు మాట కూడ చెప్పుట న్యాయము. తెలంగాణ ప్రభుత్వము 2020 ఏప్రిల్‌లో 46వ నంబరు ఉత్తరువు వెలువరించి, ఆ విద్యాసంవత్సరమునకు ఫీజులు పెంచరాదనియు, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదియు నెలనెలా, తీసికొనవలెననియు ప్రైవేటు పాఠశాలలను ఆదేశించినది. ఆజ్ఞను శిరసావహించిన యాజమాన్యములు పెక్కు, తిరుగని బస్సును, తెరువని గ్రంథాలయమును, మ్రోగని సంగీతవాద్యములను ట్యూషన్ ఫీజు గర్భమునందే లీనము గావించి, సర్వము ఒక్కటేయను అద్వైతమును తల్లిదండ్రులకు బోధించినవి. ఉపాధ్యాయులయెడ మాత్రము ద్వైతమే పాటించినవి: పాఠము వేరు, జీతము వేరు. పలువురకు సగము, కొందరకు అదియును లేక, అరటిపండ్ల బండి పెట్టినవారును కలరు. కడకు 2021 ఏప్రిల్‌లో గుర్తింపుపొందిన ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకును సిబ్బందికిని నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రభుత్వమే ప్రకటింపవలసివచ్చెను. పాఠమునకు ప్రతిఫలముగా బియ్యము పుచ్చుకొను వీధిబడి పంతులుగారి సంప్రదాయము ఇట్లు అంతర్జాలయుగమున పునరుద్ధరింపబడుట మన సంస్కృతి యభిమానులకు కన్నులపండువు.

కేంద్ర మానవవనరుల శాఖవారు 2020 జూలైలో 'ప్రజ్ఞాత' అను పేర మార్గదర్శకములు వెలువరించి, పూర్వప్రాథమిక శిశువులకు దినమునకు 30 నిమిషములు మించరాదనియు, 1 నుండి 8 తరగతులకు 30 మొదలు 45 నిమిషముల పాఠములు రెండింటికంటె ఎక్కువ కూడదనియు సెలవిచ్చిరి. మంచి మాటయే. అయిదేండ్ల పిల్ల తెరముందు 30 నిమిషములు కూర్చుండుటకై ముందు 30 నిమిషములు బుజ్జగింపు, వెనుక 30 నిమిషములు రోదనము వలసియుండుటను లెక్కలోనికి తీసికొనుట శాఖవారి పరిధిలోనిది కాదు. ఆ కొరత తీర్చినవారు తాతగారు. కెమెరాకు కనబడు విద్యార్థిని బల్లముందును, కనబడని విద్యార్థి బల్లక్రిందను ఆసీనులై యుండగా, పహాణీలు, అడంగళ్లు తిరుగవేసిన ఆ చేతులు ఏనుగు ఆకారపు కాగితము కత్తిరించి పైకందించుచుండెను, "చెప్పమ్మా, చెప్పు, ఏనుగు... ఎలిఫెంటు" అని అడుగునుండి అశరీరవాణి వినబడుచుండెను. వారము తిరుగునప్పటికి ఆ పిల్లకు చేతిపనిలో అయిదు నక్షత్రములు వచ్చినవి. సర్వీసంతయు ఒక్క ప్రశంసాపత్రమునకైన నోచుకొనని తాతగారు ఆ నక్షత్రములను పొరుగువారికందరకును వాట్సాప్‌లో పంపుకొనిరి.

కుమారుని విద్యాభ్యాసము నిరాటంకముగా సాగినది, ఏ విద్య యని మాత్రము అడుగరాదు. ముఖము పాఠమువైపును మనస్సు ఆటవైపును నిలిపి, ఒకే తెరపై రెంటిని నడుపుట చతుష్షష్టికళలలో లేని అరువదియైదవది. ఏకలవ్యుడును గురువు ఎదుట లేకయే నేర్చెనని పాఠశాలవారు తల్లిదండ్రుల సభలో సెలవిచ్చిరి. ఆ కథలో గురుదక్షిణ చదువు ముగిసిన పిదప అడిగిరని, ఇక్కడ ప్రవేశమునకు ముందే యడిగిరని ఎవ్వరును పలుకలేదు, అందరును మ్యూటులో నుండుటచేత. జూమ్ అను సాధనము ఉచితముగా వాడుకొనువారికి నలువది నిమిషములు కాగానే సభను తానే ముగించును. ఆ విధముగా కూకట్‌పల్లి బాలునికి పీరియడు ముగింపుగంట కాలిఫోర్నియాలోని సాన్ హోసే నగరపు కంపెనీ కొట్టుచుండెను. ఆ గంట ఒక్కటే ఆ రెండు సంవత్సరములలో వేళ తప్పనిది.

ఇదంతయు మూడు ఫోనులున్న యింటి సౌఖ్యము. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశములో ఇంటర్నెట్టు సౌకర్యమున్న కుటుంబములు నూటికి 24; పల్లెలలో 15 మాత్రమే. మిగిలినవారికై తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠములు ప్రసారమైనవి. 1975లో అమెరికావారి ఉపగ్రహమును ఏడాదికి ఎరువు తెచ్చి, మన రాష్ట్రముతో సహా ఆరు రాష్ట్రముల పల్లెలకు బుల్లితెర పాఠములు చూపి, గడువు తీరగానే తిరిగి అప్పగించిన అనుభవము మనకున్నదే గదా. ఈసారి ఉపగ్రహము మనదే, కరెంటే ఎప్పుడెవరిదో తెలియదు. ఫోను తండ్రితో ఆటోలో పోవును, చీకటిపడి ఛార్జి లేక వచ్చును. తల్లి పత్తి తీయుటకు పోవును, పెద్దపిల్ల ఆమె వెంట పోవును. టీవీలో మాష్టారు "అర్థమైందా పిల్లలూ?" అని యడిగి, ఒక క్షణము చిరునవ్వుతో ఆగి, ఖాళీగానున్న యింటిని అర్థమైనదిగా భావించి, తరువాతి లెక్కకు పోవును. పిల్లలు చూచుచున్నారో లేదో చూచి వ్రాసికొనుటకు నిజమైన మాష్టారు వీధివీధి తిరుగుచుండెను. ఆయన వచ్చిన యింటనే ఆగి ఆ లెక్క చెప్పుటను ఏ ఉత్తరువును నిషేధింపలేదు, ఏ పట్టికలోను ఆ గడియు లేదు.

ఆంధ్రప్రదేశమున 2021 ఆగస్టు 16న, తెలంగాణమున సెప్టెంబరు 1న బడులు తెరచిరి. అతిథి వెడలిపోయెను, సామాను మాత్రము మన యింటనే యుంచిపోయెను. నేటికిని హోంవర్కు రాత్రి తొమ్మిది గంటలకు తల్లి ఫోనుకే వచ్చును. తండ్రి ఆ గ్రూపులో సభ్యుడే గాని మ్యూటులో పెట్టియుంచును. ఢిల్లీలో గాలి చెడినను బడి తెరలోనికి తరలుచున్నది. 2024 నవంబరులో అట్లే జరిగినది. ఇక మన నగరములో జూలై మాసమున కుండపోత కురియుచుండగా, కలెక్టరుగారు సెలవు ప్రకటించిరను వార్త టీవీలో తిరుగుట చూచి బాలుడు సోఫాపై నుండి ఎగిరి దూకునంతలో, పాఠశాలనుండి సందేశము దిగును. సెలవు భవనమునకు వర్తించునట, విద్యార్థులకు వర్తింపదట. తొమ్మిదింటికి తెలుగు పాఠము. వర్షమును గురించి పది వాక్యములు వ్రాసి, ఫోటో తీసి పంపవలెను. పాఠము జరుగువేళ వానచప్పుడు మైకులో వినబడుచున్నది కావున, కిటికీలు మూసియుంచవలెనని తల్లులకు ప్రత్యేక మనవి.