రవ్వ పెట్టే చెయ్యి

కచేరీల్లో నాకు ఒక్కటే శత్రువు ఉండేది. క్యాంటీన్ కాఫీ.

పాటగాడి పక్కన గంటన్నర సేపు ఒద్దికగా కూర్చునేదాన్ని. ఆయన నెరవులు వేస్తుంటే అడుగులకు మడుగులొత్తేదాన్ని. చివరికి తని ఆవర్తనం అని నా వంతొచ్చేది. అప్పుడు మొదలయ్యేది కుర్చీల కిర్రుకిర్రు. సగం సభ లేచి బయటికి నడిచేది. ముక్తాయింపు పూర్తయి, పాటగాడు మళ్లీ పల్లవి ఎత్తుకునే వేళకు అందరూ మూతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేవాళ్లు. పక్కవాద్యం అని పేరు పెట్టాక ఎవరినేం అనగలం!

నేను మృదంగాన్ని, పనస మొద్దుని. తంజావూరులో తొలిచి, రెండు వైపులా తోళ్లు బిగించి, వార్లు లాగి కట్టారు. కుడివైపు నల్లటి కరణ. అది ఎప్పటికీ అక్కడే ఉంటుంది. ఎడమవైపున్న తొప్పి మాత్రం రోజూ కొత్తగా పుడుతుంది. కచేరీకి ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్దచేసి దాని నడుమ అద్దాలి. ఆ ముద్ద లేకపోతే ఎడమవైపు నేను ఖాళీ డబ్బాని. కచేరీ అవగానే దాన్ని గీకేసి, తడి తుడవాలి. లేదంటే రవ్వ ఎండి బిగుసుకుంటుంది, పులుస్తుంది, తోలు పాడవుతుంది.

రాజమండ్రిలో నన్ను కొనుక్కున్న లెక్కల మాస్టారికి ఈ సంగతి బాగా తెలుసు. ఎంత రాత్రయినా, ముందు నా రవ్వ గోటితో తీసి, తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే తన అన్నం సంగతి చూసుకునేవారు.

ఆయన పొద్దున సాధకానికి కూర్చుంటే పక్కన టేప్ రికార్డర్ ఉండేది. అందులోంచి నా జాతిదే ఇంకో గొంతు వినిపించేది. వాయించేది కారైక్కుడి మణి. మాస్టారు ఆయన్ని దగ్గర నుంచి ఒక్కసారీ చూడలేదు, కానీ సొంత మేనమామ గురించి చెప్పినట్టు చెప్పేవారు. 1945లో కారైక్కుడిలో పుట్టాడట. ఊళ్లో రంగు అయ్యంగార్ దగ్గర మొదలెట్టి, తర్వాత హరిహర శర్మ దగ్గర నేర్చుకున్నాడట. ఘటం విక్కు వినాయక్‌రామ్‌కి తండ్రి ఆ హరిహర శర్మే. పద్దెనిమిదేళ్లకే సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా బహుమతి అందుకున్నాడని చెప్పేటప్పుడు, అదేదో మన ఇంటి శుభకార్యంలా మాస్టారి గొంతు కాస్త పెరిగేది.

నాకు నచ్చింది మాత్రం బహుమతి కాదు. ఎమ్మెస్ సుబ్బలక్ష్మి, మదురై సోము లాంటి వాళ్ల పక్కన వాయించిన చెయ్యి, పక్కన కూర్చోవడంతో సరిపెట్టుకోలేదు. 1986లో శ్రుతిలయ అని ఒక బృందం పెట్టాడు. లయ కోసమే కూర్చిన రచనలు, వాటికి తోడుగా రాగం! ఇంతకాలం పాట ముందు నడిస్తే తాళం వెనక నడిచేది. ఇక్కడ రెండూ చెట్టపట్టాలేసుకున్నాయి. ఆస్ట్రేలియా వాళ్ల జాజ్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించిందీ ఈ బృందమే. మృదంగం వినడానికే వచ్చినవాళ్లు మృదంగం మొదలవగానే కాఫీకి ఎలా లేస్తారు చెప్పండి?

డోలు కొట్టేవాడు రచన చేయడమేమిటి అని వెనకటికి ఒకాయన మాస్టారిని అడిగాడు. మాస్టారు బోర్డు మీద లెక్క చెప్పినట్టే చెప్పారు. ఆదితాళం ఒక ఆవర్తనానికి 8 లెక్కలు, లెక్కకు నాలుగేసి మాత్రలు, మొత్తం 32. ‘తదిగిణతొం’ అంటే అయిదు మాత్రలు. మూడుసార్లు అంటే 15. అంటే 17 మాత్రలు అయ్యాక ఎత్తుకుంటేనే ముగింపు తర్వాత సమం, అంటే తాళం మొదటి దెబ్బ, సరిగ్గా వచ్చి కాలి దగ్గర వాలుతుంది. ఇది ఒకటో తరగతి లెక్క. ఆ 17లో ఏం నింపాలి, ఎక్కడ ఊరుకోవాలి, వినేవాడు ‘అయిపోయింది’ అనుకున్న చోట ఎలా తప్పించుకోవాలి అన్నదే రచన. అడిగినాయనకు సగమే అర్థమైంది. నాకు మాత్రం వీపు తట్టినట్టయింది.

తర్వాత మాస్టారి కుడి భుజం పట్టేసింది. నేను ఆయన కొడుకు వాటాలోకి వచ్చాను. ఆ కుర్రాడు నెల రోజులు నేర్చుకున్నాడు. ఓ రాత్రి రవ్వ గీకకుండా గోడకానించి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి బొద్దింకలకు పండగ. తోలుకు పట్టిన ఆ మచ్చ మళ్లీ పోలేదు. వేసవి సెలవుల్లో నన్ను నిలబెట్టి వికెట్లు చేశారు. నేను బౌల్డ్ అయినప్పుడల్లా చప్పట్లు! సభలో రాని చప్పట్లు వసారాలో వచ్చాయి. ఆఖరికి గోనెసంచిలో కట్టి అటక మీదికెక్కించారు. పక్కన పాత కుక్కర్, ఆవకాయ జాడీలు. వానాకాలం తోలు సాగేది, ఎండాకాలం బిగిసేది. ఒక మే నెలలో, నడిమధ్యాహ్నం, ‘టప్’ మని కుడిమూత తనంతట తనే చిట్లింది. నా మీద ఎవరూ వాయించని ఏకైక దెబ్బ.

2023 మే 4. కింద టీవీలోనో ఫోన్‌లోనో మణి గారు పోయారన్నారు. కాసేపటికి అటక తలుపు తీశారు. మనవరాలు స్టూలు పట్టుకుంది. మాస్టారి చేతులు వణుకుతున్నాయి.

‘‘ఇందులో ఏముంది తాతయ్యా?’’

‘‘ఉండు, చెప్తాను. మామ్మనడిగి గుప్పెడు రవ్వ తీసుకురా, నీళ్లు కూడా.’’

రవ్వ తడిపారు. ముద్ద చేశారు. అప్పుడు తిప్పి చూస్తే కుడిమూత నిలువునా చీలిపోయి ఉంది. అరచెయ్యి దాని మీద ఆనించి కూర్చున్నారు. తర్వాత మోకాలి మీద తాళం వేస్తూ, నోటితోనే మృదంగం సొల్లు చెప్పడం మొదలుపెట్టారు. మనవరాలు వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మొదటిసారి సమం తప్పింది. రెండోసారి ఆయన కంటే ముందే ‘తొం’ అంది.

లోపల్నుంచి మామ్మ కేక వినిపించింది: ‘‘ఏవండీ, వాయిస్తున్నారా లేదా? లేకపోతే ఆ రవ్వ ఇటివ్వండి, పిండిలో కలిపేస్తాను.’’

ఆ రాత్రి వాళ్లు రవ్వట్లు తిన్నారు. గోనెసంచి మాత్రం కట్టలేదు.