గగన విక్రేతలు

ఒక ట్రాన్సిస్టరును, నాలుగు కెపాసిటర్లను, గుప్పెడు రాగితీగను పెట్టెలో నమర్చి, దానికి ‘సొంత రేడియో స్టేషను’ అని నామకరణము చేసి, మైళ్లకొలది వినబడునని యొకటి, లైసెన్సు అక్కరలేదని యొకటి, వెరసి రెండు వరముల ననుగ్రహించి సొమ్ము పుచ్చుకొను మహానుభావులకు లోకమున కొదువ లేదు.

ధర్మపురి జిల్లా హరూరులోని తెలుగు గృహస్థుడొకడు, తన పద్యపఠనము తీర్థమలై కొండదాక వినబడవలెనను సంకల్పముతో ఆ పెట్టెను కొన్నాడనుకొందము. ఆ పెట్టె వెలువరించు 1000 కిలోహెర్ట్జుల మీడియంవేవ్ తరంగపు నిడివి 300 మీటర్లు. దానిని చక్కగా వెదజల్లుటకు అందు నాలుగవవంతు, అనగా 75 మీటర్ల స్తంభము వలయును. విక్రేత యిచ్చునది 3 మీటర్ల తీగ. పెట్టెకున్న 100 మిల్లీవాట్ల శక్తిలో నధికభాగము తీగచుట్టలోను నేలలోను వేడియై హరింపగా, శేషించిన లేశము పొరుగింటి గోడ దాటుటయే మహాప్రస్థానము. సంశయాత్ములకు విక్రేత ప్రత్యక్షప్రమాణము చూపును: రిసీవరుతో కరెంటుతీగల క్రిందనే నడిపించి, తీగల వెంబడి ప్రాకివచ్చిన ధ్వనిని తన యంత్రమహిమగా వర్ణించును. 1924లో కృష్ణస్వామి చెట్టి ప్రభృతులు మద్రాసున స్థాపించిన రేడియో క్లబ్బు దీనికి నాలుగువందల రెట్లు, 40 వాట్ల యంత్రముతో నారంభించియు ధనాభావమున 1927లో మూతపడినది. పాపము, వారి కీ పెట్టె దొరకలేదు!

ఇక రెండవ వరము. లైసెన్సు అక్కరలేదనుట సత్యమే, అమెరికాలో. 100 మిల్లీవాట్లు, 3 మీటర్ల తీగ యను మినహాయింపు ఆ దేశపుది. విక్రేత సర్క్యూటు పటముతో పాటు పరదేశశాసనమును గూడ దిగుమతి చేసి ధర్మపురి జిల్లాకు వర్తింపజేసినాడు. మన 1933 నాటి వైర్‌లెస్ చట్టము అనుమతి లేని యంత్రము నింట నుంచుకొనుటనే నిషేధించినది; 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టమును అనుమతి కావలయుననియే చెప్పుచున్నది. ఏ కోతలును కోయక, కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘముల స్త్రీలు స్వల్పశక్తితో నడిపిన ‘మన రేడియో’నే 2003లో అధికారులు మూయించిరి. అట్టి ఆపద వచ్చిననాడు పెట్టె కొన్నవాడు దొరకును, అమ్మినవాడు దొరకడు.

అన్నిటిని మించిన విశేషమేమనగా, నేటి చేతిఫోనులలో మీడియంవేవ్ లేనే లేదు. కావున శ్రోతలకు రిసీవర్లను గూడ గృహస్థుడే కొనిపెట్టవలెను.

విద్య నేర్వదలచినవారు మొదట రిసీవరు కట్టి చూడుడు. పదిమందికి మాట వినిపింపదలచినవారు, జహీరాబాదు ప్రాంతపు స్త్రీలు 2008లో ‘సంగం రేడియో’కు చేసినట్లు, సంఘముగా కూడి అనుమతి పొందుడు. మైళ్లు కొనదలచినవారు మాత్రము బస్సు టిక్కెట్టు కొనుడు. అది నిజముగా తీర్థమలై చేర్చును.