అన్నశత్రు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

జనగామ నుంచి మానుకోట దాకా, అటు భూపాలపల్లి దాకా ఏ పెండ్లి దావత్‌కు పోయినా ఇప్పుడు బంతిలో రెండు మతాల వారు ఎదురెదురుగా కూర్చుంటున్నారు. శైవ వైష్ణవాల సంగతి కాదు. ఒకరు అన్నం మానినవారు, మరొకరు కేలరీలు లెక్కపెట్టేవారు. మొదటివారు యాటకూర మారు మారు వడ్డించుకుని, బగారన్నం గంజు దగ్గరికి రాగానే అరచెయ్యి అడ్డం పెడతారు. అంతటితో ఆగితే ఈ టీకకు పనే లేదు. ఆ చెయ్యి దించకుండానే పక్కవాడి విస్తరి వైపు తిరిగి, "అన్నా, అది విషం" అంటారు. రెండోవారు అదే విస్తరిని ఫోన్‌లో ఫోటో తీసి, అందులో ఎన్ని కేలరీలున్నాయో అడగకుండానే చెబుతారు. పక్కవాడు పొద్దటినుంచి పందిరి గుంజలు పాతినవాడు. పాపం, వాడి నోట్లో ముద్ద దిగదు.

ఆ ముద్ద పక్షాన ఈ వ్యాఖ్య.

మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టినవాడు మల్లినాథ సూరి. మెదకు సీమ కొల్చారం ఆయనను తనవాడిగా చెప్పుకుంటుంది. నేను ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని మాత్రం పాటిస్తాను. దావతుల్లో చెవిన పడ్డ మాటలనే ఏరి మూలాన్ని కూడా నేనే కూర్చుకున్నాను గనుక అది సులభం. రెండో సగం నా వల్ల కాదు.

మూలం

అన్నమన్నదొకటి ఆరోగ్యశత్రువు
నూనె తాగువాడు నూరు బతుకు
లెక్కపెట్టి తినుము లేకున్న లావౌదు
పొట్టమీద ఒట్టు, బుద్ధిమంత!

ప్రతిపదార్థం

అన్నం, నూనె, పొట్ట అనేవి లోకప్రసిద్ధాలు. బుద్ధి అంత ప్రసిద్ధం కాకపోయినా, ఇక్కడ సంబోధన మర్యాద కోసం వాడింది గనుక విడిచిపెట్టవచ్చు. "మీద ఒట్టు" దగ్గర విసంధి దోషం ఉంది. మధుమేహం కన్నా చిన్న దోషమే.

టీక

మొదటి పాదం. అన్నం ఆరోగ్యానికి శత్రువట. ఈ మాట జనగామ జిల్లాలో అనడానికి కొంత ధైర్యం కావాలి. పాలకుర్తి మండలం బమ్మెర ఆ జిల్లాలోదే. ఆ ఊరి పోతన, గోపబాలుర నడుమ కూర్చున్న కృష్ణుడి చేతికి ఇచ్చింది ప్రొటీన్ పొడి కాదు, పెరుగు కలిపిన చద్దిముద్ద. చుట్టూ ఉన్న పిల్లలు ఊరగాయలు నంజుకుంటూ ఒకరినొకరు ఊరిస్తున్నారు. బ్రహ్మ వచ్చి లేగలను, పిల్లలను మాయం చేశాడే గానీ విస్తళ్లలో పిండిపదార్థం ఎంతుందని అడగలేదు. వేదాలు నాలుగూ వచ్చినవాడికే తట్టని ఆక్షేపణ ఇది.

ఇక్కడ అన్నం విడువనివారికి నేనొక సాయం చేయగలను. వండిన అన్నం చల్లారితే అందులోని పిండిపదార్థం కొంత గట్టిపడి, చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది. అంటే వేడన్నం కన్నా చద్దన్నం నెత్తురులో చక్కెరను కొంచెం మెల్లగా పెంచవచ్చు. ఇది నేటి శాస్త్రం ఒప్పుకున్న సంగతి. అయితే దీన్ని పట్టుకుని పోతనను పోషకాహార నిపుణుడిని చేయబోయేవారికి ఒక మనవి. ఆ పిల్లలు పొద్దంతా దూడల వెంట ఉరికినవారు. కారులో వచ్చి, కారులో పోయి, నడుమ చద్దన్నం తింటే ఆ ఫలం రాదు.

అన్నద్వేషం మన దగ్గర పుట్టింది కాదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన తన లావు తగ్గిన వైనాన్ని ఒక బహిరంగ లేఖగా అచ్చువేశాడు. రొట్టె, చక్కెర, బీరు, ఆలుగడ్డ మానితే ఒళ్లు తగ్గిందని దాని సారాంశం. ఆయన వృత్తి అంత్యక్రియల ఏర్పాట్లు చూడడం. జనం నాలుగు రోజులు ఎక్కువ బతికితే తన వ్యాపారానికే నష్టమని తెలిసీ రహస్యం బయటపెట్టాడు. ఈనాడు ఆహార రహస్యాలు చెప్పేవారిలో అంతటి త్యాగం అరుదు.

రెండో పాదం. "నూరు" అన్నది ఏండ్లా, గ్రాములా అని వ్యాఖ్యాతలు తలలు పట్టుకోనక్కర లేదు. 2017, 2018 నాటికి విజయవాడ వీరమాచనేని రామకృష్ణ గారి పేర ఊరూరా పాకిన పద్ధతిలో రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు నాలుగు స్తంభాలు. కొబ్బరినూనె సీసా తలగడ దగ్గర నుంచి వంటింటికి చేరిన కాలమది. అంతకు ముందే మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే లేని వంట నేర్పి ఉన్నారు. తర్వాత మైసూరు ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు వచ్చాయి. కాబట్టి మన వైపు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, ఒకే ఇల్లాలు పదిహేనేండ్లలో నూనె లేకుండా వండింది, నూనె గ్లాసులో పోసి ఇచ్చింది, చివరికి కొర్రలు నానబెట్టింది. ఏ మతంలోకి మారాలో నిర్ణయించింది ఇంటాయన, గిన్నెలు తోమింది ఆమె. మతాచార్యులెవరూ ఈ పాత్రశుద్ధి ప్రకరణం రాయలేదు.

అన్నం మానిన మొదటి వారంలో తూకం గబగబా తగ్గుతుంది. అది అబద్ధం కాదు. కండల్లో, కాలేయంలో నిలవ ఉన్న పిండిపదార్థం తన బరువుకు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చవగానే ఆ నీరూ పోతుంది. శిష్యుడు ఆ తూకం ఫోటో తీసి చుట్టాలందరికీ పంపేది సరిగ్గా ఈ వారంలోనే.

మూడో పాదం. లెక్కపెట్టి తినమంటున్నది. ఈ పాదాన్ని అర్థం చేసుకోవాలంటే భూపాలపల్లి పోవాలి. పాఠకులు ఓపిక పట్టాలి.

కేలరీ అనే మాట భూపాలపల్లి వారికి ఆహారశాస్త్రం నేర్పింది కాదు, సింగరేణి నేర్పింది. అక్కడ బొగ్గు ధర కట్టేది నలుపును చూసి కాదు, కిలోకు ఎన్ని కిలోకేలరీల వేడి ఇస్తుందో చూసి. మందపాటి ఉక్కు గిన్నెలో గ్రాము బొగ్గుపొడి పెట్టి, ప్రాణవాయువు దట్టించి, కరెంటు తీగతో అంటిస్తారు. చుట్టూ ఉన్న నీరు ఎంత వేడెక్కిందో కొలుస్తారు. దాన్ని బట్టి బొగ్గుకు జీ1 నుంచి జీ17 దాకా పదిహేడు తరగతులు. కిలోకు 7,000 దాటితే జీ1. అక్కడినుంచి మూడేసి వందల మెట్లు దిగుతూ 2,200 దగ్గర జీ17 ముగుస్తుంది.

ఇప్పుడు బియ్యాన్ని ఈ పట్టికలో కూర్చోబెడదాం. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 356 కిలోకేలరీలు. అంటే కిలోకు 3,560. నిస్సందేహంగా జీ13. జొన్నలు కిలోకు 3,340, ఒక మెట్టు కింద జీ14. కొబ్బరినూనె కిలోకు 9,000 దగ్గర ఉంటుంది గనుక నేరుగా జీ1లోనే కూర్చుంటుంది. చెల్పూరు థర్మల్ కేంద్రం బాయిలర్‌కు నోరుంటే రెండో పాదాన్నే అడిగి ఉండేది. మన సన్నబియ్యం జీ13 బొగ్గుతో సమానమని తెలిశాక నాకు బియ్యం మీద కాక బొగ్గు మీద గౌరవం పెరిగింది.

కానీ పొట్ట బాయిలర్ కాదు. అమెరికాలో విల్బర్ ఆట్‌వాటర్ 1890లలో ఈ తేడా పట్టుకున్నాడు. ఉక్కు గిన్నెలో కాలినదంతా ఒంటికి పట్టదని, మలమూత్రాల్లో పోయినది తీసేసి, గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 అని సగటు కట్టాడు. మనుషులను రోజుల తరబడి ఒక గదిలో ఉంచి వాళ్ల ఒంటి వేడినీ కొలిచాడు. ఆ సగటే ఇవాళ బిస్కెట్ పొట్లం వెనుక అచ్చవుతున్నది. సగటును పైసలతో సహా బ్యాంకు నిలవలా చదివే భక్తులు ఆ గదిలోని వారి శ్రమను అవమానిస్తున్నారు.

1918లో లులు హంట్ పీటర్స్ అనే వైద్యురాలు, ఇకమీదట రొట్టెముక్క అనకండి, వంద కేలరీల రొట్టె అనండి అని అమెరికన్లకు పుస్తకం రాసింది. మానుకోటలో వంద కేలరీల పప్పుచారు పోయమని అడిగి చూడండి, వడ్డించే తల్లి గరిటెతో సమాధానం చెబుతుంది. అదే 1918లో మన దేశంలో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల మొదలైంది. బెరిబెరి జబ్బును విచారించడానికి. మరీ తెల్లగా మరపట్టిన బియ్యమే ఆధారంగా బతికేవారికి వచ్చే జబ్బు అది. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్ చేరి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఒకే ఏడాది ఒక దేశంలో తిండి ఎక్కువై లెక్క మొదలైంది, మరో దేశంలో తిండిలో సత్తువ తక్కువై విచారణ మొదలైంది. మన దావతుల్లో వినిపించే వాదమంతా మొదటి దేశానిది. మన పళ్లెం మాత్రం ఇంకా రెండో విచారణలోనే ఉంది.

శంకా సమాధానాలు

శంక: మరి ఏ మతం గెలిచింది?

సమాధానం: 2009లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో 811 మందికి నాలుగు రకాల ఆహారాలిచ్చి రెండేండ్లు చూశారు. పిండిపదార్థం ఎక్కువ తక్కువలైనా తగ్గిన బరువు దాదాపు సమానం. సలహా తరగతులకు క్రమం తప్పక వచ్చినవారు ఎక్కువ తగ్గారు. 2018లో స్టాన్‌ఫర్డ్ వారు 609 మందిని రెండుగా చేసి ఏడాది పాటు చూస్తే, పిండిపదార్థం తగ్గించినవారు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు తగ్గారు. లెక్కకు నిలిచే తేడా కాదు. ఆ ఇద్దరికీ కేలరీల పరిమితి పెట్టలేదు. చక్కెర, మైదా తగ్గించి కూరగాయలు ఎక్కువ తినమని ఇద్దరికీ చెప్పారు.

శంక: జొన్నరొట్టెలో పిండిపదార్థం లేదు గదా?

సమాధానం: ఉంది. నూరు గ్రాముల జొన్నల్లో సుమారు 68 గ్రాములు, బియ్యంలో 78. జొన్నకు పీచు ఎక్కువ, అది దాని గుణం. గట్క, అంబలి తిన్నవారి మనుమలు ఇప్పుడు వాటినే సంచుల్లో, బియ్యం కన్నా ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. కాలువ నీళ్లు, బోరుబావులు, రేషన్ బియ్యం కలిసి ఒక తరంలోనే జొన్నచేనును వరిమడి చేశాయి. ఆ నేరం తినేవాడిది కాదు.

శంక: అన్నం మానితే షుగరు మందులు ఆపవచ్చునా?

సమాధానం: కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడూ శివుడూ. మొక్కే వరుసలో ముందు యముడే. మందుల విషయంలో తొందరపడినా అదే వరుస. ఇన్సులిన్ గానీ, చక్కెరను దించే కొన్ని మాత్రలు గానీ వాడుతూ, మోతాదు మార్చుకోకుండా అన్నం ఒక్కసారిగా మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాక్టరును అడగకుండా మందులే మానితే పెరిగిపోతుంది. ఇక్కడ వెటకారం లేదు.

తాత్పర్యం

పద్యం చెప్పినది సగం నిజం. మన పళ్లెంలో పిండిపదార్థం ఎక్కువే. 2025లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం భారతీయుల కేలరీల్లో 62 శాతం దానినుంచే వస్తున్నాయి. బియ్యం బదులు చిరుధాన్యం పెట్టి మొత్తం పిండిపదార్థం తగ్గించకుంటే పెద్దగా లాభం కనబడలేదని, కొంత తీసి ఆ చోట పప్పు, పాల వంటి మాంసకృత్తులు పెడితే ముప్పు తగ్గవచ్చునని అదే అధ్యయనం చెప్పింది. 2024 జాతీయ మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల పళ్లేనికి 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, గుడ్లు, మాంసం వగైరా.

ఇక మిరప కోతలకు పోయే మానుకోట తండా ఇంటి లెక్క చూడండి. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం, అంటే రోజుకు 200 గ్రాములు, సుమారు 700 కేలరీలు. ఆ 85 గ్రాములను పప్పుగానే పెట్టాలన్నా నలుగురికి నెలకు పది కిలోలు దాటుతుంది. కందిపప్పు కిలో నూరు రూపాయలకు తక్కువ లేదు. ఈ వెయ్యి రూపాయల పైచిలుకు సంగతి పద్యంలో ఏ పాదంలోనూ లేదు. అన్నం మానమన్నవాడు బదులుగా ఏం తినాలో చెప్పాడు గానీ, ఎవరు కొనిస్తారో చెప్పలేదు. లెక్కపెట్టమన్నవాడు కేలరీలు లెక్కపెట్టాడు, రూపాయలు లెక్కపెట్టలేదు.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారు సన్నబడరు. ఒళ్లు తగ్గాలనుకునేవారు తమకు ఏడాది పాటు నిలిచే పద్ధతి ఏదైతే అది పట్టవచ్చు, రెండు మతాలకూ ముక్తి ఒకటే. పక్కవాడి విస్తరిలోకి మాత్రం చూడకండి. అంత ఆవేశం ఆగకపోతే దాన్ని శాసనకర్తల దగ్గర చూపండి. రేషన్ దుకాణంలో బియ్యం పక్కన నెలకు రెండు కిలోల కందిపప్పు పెట్టించినవాడే ఈ శాస్త్రానికి అసలు ఆచార్యుడు.